గుల్లలపేట బడికి తాఖీదు

గుల్లలపేట ప్రాథమిక పాఠశాల వరండా మెట్టు నుంచి సముద్రానికి ఇరవై రెండు అడుగులు. ఈ కొలత ప్రధానోపాధ్యాయురాలు బమ్మిడి కనకరత్నం స్వయంగా తీసింది. ప్రతి సోమవారం ప్రార్థన కాగానే తాడు పట్టుకుని మెట్టు దగ్గర్నుంచి తడి ఇసుక దాకా కొలిచి, ఆ సంఖ్యను హాజరుపట్టీ చివరి పేజీలో రాసుకునేది. పదమూడేళ్ళ కిందట ఆమె ఆ బడిలో చేరిన నాడు అది మూడువందల పది అడుగులు. అప్పట్లో పిల్లలు సముద్రం చూడాలంటే సెలవడిగి వెళ్ళేవారు. ఇప్పుడు మూడో తరగతి కిటికీలోంచి సముద్రమే పిల్లల్ని చూస్తోంది.

కనకరత్నం పెద్ద కోరికలేవీ కోరలేదు. రోడ్డుకు అవతల, అర కిలోమీటరు దూరాన, తుపాను షెల్టరు ఉంది. తుపానుకు తప్ప దాని తాళం తియ్యరు. ఆ తాళం ఇప్పిస్తే నలభై ఒక్కమంది పిల్లల్నీ అక్కడికి మార్చుకుంటానని విద్యాశాఖకు అర్జీ పెట్టింది. అర్జీలో “సముద్రం ముందుకు వచ్చినందున” అనే మాట ఉంది. ఆ మాట చూసి విద్యాశాఖ వారు, సముద్రపు రాకపోకలు తమ పరిధిలోవి కావంటూ అర్జీని తీర వాతావరణ సమతుల్య చర్చా మండలికి పంపించారు.

ఆ మండలి గురించి కాస్త చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఏదో సభలో ఒక పెద్దమనిషి ఎండలు ముదురుతున్నాయని అన్నాడు. వెంటనే ఇంకో పెద్దమనిషి లేచి, ఒక పక్షం మాటే వింటున్నారు, ఇది అన్యాయం అన్నాడు. ఆ అన్యాయం మళ్ళీ జరగకూడదని మండలి పుట్టింది. ఎండ, వాన, గాలి, సముద్రం – వీటి మీద ఎవరేమన్నా, దానికి సరిగ్గా వ్యతిరేకమైన మాటను అంతేసేపు ఇంకొకరు చెప్పాలి. వాదం ఎడమ గడిలో, ప్రతివాదం కుడి గడిలో రాయాలి. ఇరుపక్షాలకూ సమానంగా మార్కులు వెయ్యాలి. ఎవరికి ఎక్కువ వస్తే వారి మాట ప్రకారం నిర్ణయం తీసుకోవాలి.

నాలుగేళ్ళలో అరవై ఒక్క చర్చలు జరిగాయి. అరవై ఒకటీ సమానమే.

“ఒక్కదాంట్లోనైనా ఎవరూ ఓడిపోలేదండీ! ఇంతటి నిష్పాక్షికత మరే సంస్థలోనూ కానరాదు,” అనేవారు మండలి సభ్యకార్యదర్శి అవధానుల సోమశేఖరం గారు. ఆయన నిజంగానే గర్వంగా అనేవారు.

అరవై రెండో చర్చను ఘనంగా జరపాలని ఆయన సంకల్పం. అందుకని డాక్టర్ చాగలమర్రి నీలవేణిని పిలిచారు. ఆమె సముద్ర శాస్త్రవేత్త, వ్యోమగామి కూడా. నూట అరవై రోజులు అంతరిక్ష కేంద్రంలో ఉండి వచ్చింది. పుట్టింది అనంతపురం జిల్లాలో. ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా సముద్రం చూడలేదు. చూశాక ఇక వేరే పని పెట్టుకోలేదు. చర్చనీయాంశం: “అంతరిక్షయానం, వాతావరణం – ఒక వ్యోమగామి అభిప్రాయాలు, వాటికి సమాన వ్యతిరేకాభిప్రాయాలు.” కనకరత్నం అర్జీ అదే రోజు ఎజెండాలో నాలుగో అంశం.

ప్రతివాదానికి మండలిలో ఒక శాశ్వత వక్త ఉన్నాడు. పేరు తోట జగ్గారావు. బస్టాండులో కంట్రోలరుగా ముప్పైయొక్క ఏళ్ళు చేసి దిగిపోయాడు. ఎవరేమడిగినా లేదని చెప్పడంలో విశేషానుభవం ఉన్న కారణంగా పదకొండుమంది అభ్యర్థుల్లోంచి అతన్నే ఎంపిక చేశారు. మనిషి మెత్తన. చర్చకు ముందు వెయిటింగ్ రూములో నీలవేణికి తనే టీ తెచ్చి ఇచ్చాడు.

“అమ్మా, తమర్ని టీవీలో సూసినాను. మా ఇంటిది దణ్ణం కూడా పెట్టీసింది,” అన్నాడు. “గానీ అక్కడ స్టేజీ మీద తమరు పైకెళ్ళనేదని అనాల. ఏటీ అనుకోకండి.”

“అనుకోను గానీ, వెళ్ళలేదని ఎట్లా నిరూపిస్తారు?” అంది నీలవేణి.

“నిరూపించక్కర్నేదమ్మా. టైము సమానంగా వాడితే సాలు.”

సభ మొదలైంది. వేదిక మీద ఒకే ఎత్తున్న కుర్చీలు రెండు, ఒకే మట్టానికి నింపిన గ్లాసులు రెండు. గంట కొట్టడానికి ఒక అటెండరు. నీలవేణి లేచి నిలబడింది.

“అందరికీ నమస్కారం. ఇవాళ చాలా ఉక్కగా ఉంది.”

గంట మోగింది.

“క్షమించాలి మేడమ్. సదరు వ్యాఖ్య వాతావరణ సంబంధమైనది,” అన్నారు సోమశేఖరం గారు. “ప్రతివాదం.”

జగ్గారావు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లేచి, “చలిగా ఉందండి,” అని కూర్చున్నాడు. రెండూ గడుల్లోకి ఎక్కాయి.

ఆ పైన నీలవేణి తన అభిప్రాయాలు చెప్పింది. చంద్రుడి మీదికి మళ్ళీ మనుషులు వెళ్ళాలంది. అంగారకుడి మీదికీ వెళ్ళాలి, అక్కడ ఒకప్పుడు నీళ్ళు పారిన గుర్తులున్నాయి, ఆ నీళ్ళు ఏమయ్యాయో తేల్చాలి అంది. “కానీ ఇక్కడ పాడైపోతే అక్కడికి పోయి బతుకుదాం అనే మాట నేను నమ్మను. పైన ఒక్క ఊపిరి తియ్యాలంటే యంత్రం కావాలి. ఆ యంత్రం హోరు వింటూనే నూట అరవై రోజులు నిద్రపోయాను. దాని శబ్దం ఏ కొంచెం మారినా మెలకువ వచ్చేసేది. అట్లాంటి చోటికి మా అమ్మను రమ్మని అనలేను.”

సభలో వెనక వరసలో కనకరత్నం నవ్వింది.

జగ్గారావు లేచాడు. “మరి రాకెట్టు పొగ వదల్దేటండి? తమరు పైకెళ్ళబట్టే ఇక్కడ యేడెక్కిందని నానంటాను.” తను పైకి వెళ్ళలేదని అనాల్సిన సంగతి మరిచిపోయాడు.

“కొంత నిజమే,” అంది నీలవేణి. “మిగతా వాటితో చూస్తే తక్కువే గానీ, ఉంది. రాకెట్లు పెరిగితే అదీ పెరుగుతుంది. దాని మీద ఇంకా పని జరగాలి.”

జగ్గారావు బిత్తరపోయాడు. నాలుగేళ్ళలో అతని మాట నిజమన్నవాళ్ళు లేరు. సోమశేఖరం గారు చప్పున లేచారు. “మేడమ్, వాది ప్రతివాదితో ఏకీభవించరాదు. అలా ఏకీభవిస్తే కుడి గడిలోనిది ఎడమ గడిలోకి వచ్చి పడుతుంది.”

తర్వాత నాలుగో అంశం. నీలవేణి తెర మీద బొమ్మలు చూపించింది. అవి పైనుంచి తీసినవి. గుల్లలపేట దగ్గర తెల్లటి నురగ గీత ఏడాదికేడాది ఊరి వైపు జరుగుతోంది.

“ఈ చిత్రాలూ, కనకరత్నం గారు అర్జీకి జతచేసిన తాడు కొలతలూ సరిగ్గా కలిశాయి. సముద్రం ఇక్కడ ముందుకొచ్చింది. అందులో భూమి వేడెక్కి నీటిమట్టం పెరగడం వల్ల ఎంత, దక్షిణాన రేవు కోసం కట్టిన రాతిగోడ ఇసుకను ఆపెయ్యడం వల్ల ఎంత అన్నది కచ్చితంగా చెప్పలేను. గోడ వాటాయే ఎక్కువని నా అనుమానం.”

సోమశేఖరం గారి ముఖం వెలిగింది. “చెప్పలేను అన్నారు! ఇది ప్రతివాదం కిందకు వస్తుంది.” కుడి గడిలో రాసుకున్నారు.

“ఎంత అన్నది చెప్పలేనన్నాను. వచ్చిందా రాలేదా అన్నది కాదు సార్.”

“ఆ రెండింటికీ ఫారంలో విడి గడులు లేవండీ,” అన్నారాయన బాధగా.

మార్కులు సమానమయ్యాయి. సమానమైతే కోరికను సగం మన్నించాలని నియమం. కాబట్టి హాజరుపట్టీలో బేసి సంఖ్య ఉన్న పిల్లలు సముద్రం దగ్గరా, సరి సంఖ్య ఉన్న పిల్లలు షెల్టరులోనూ చదువుకోవాలని తీర్మానం వెలువడింది.

కనకరత్నం లేచి నిలబడింది. “అయ్యా, నానొక్కదాన్నే టీచర్ని. రెండు చోట్లా ఎలాగుంటానండి?”

“ఒక పీరియడు అక్కడ, ఒక పీరియడు ఇక్కడ. మధ్యలో నడుస్తున్నంతసేపూ తమరు రెండు చోట్లా సమానంగా లేనట్టే గదా. అందులోనూ సమతుల్యం ఉన్నది.”

కనకరత్నం సంచీ భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయింది. నీలవేణికి ఆ రాత్రి రైలుంది. ఆమె టికెట్టు రద్దు చేసుకుని, మర్నాడు బడిని ఉమ్మడిగా తనిఖీ చెయ్యాలని సోమశేఖరం గారిని అడిగింది. ఉమ్మడి అనే మాట ఆయనకు నచ్చింది.

మర్నాడు పదిగంటలకు జగ్గారావుతో సహా ముగ్గురూ గుల్లలపేట చేరేసరికి తీర్మానం అమలవుతోంది. పదిహేడు, పద్దెనిమిది నంబర్ల పిల్లలు కవలలు. పద్దెనిమిదో నంబరు పిల్ల అన్న చెయ్యి వదలనని ఏడుస్తుంటే, కనకరత్నం ఆమెను ఎత్తుకుని రోడ్డు దాటించి షెల్టరులో దింపి, రొప్పుకుంటూ తిరిగి వస్తోంది. ఆమె వచ్చేదాకా బేసి పిల్లలు ఇరవై ఒక్కమంది వరండాలో కూర్చుని తమంతట తామే ఎక్కాలు చెప్పుకుంటున్నారు.

“పోటు మొదలైంది,” అంది నీలవేణి. “పిల్లల్ని రోడ్డు వైపు పంపిద్దాం.”

“అది కూడా అభిప్రాయమే గదా మేడమ్,” అంటూ సోమశేఖరం గారు ఫారం కోసం సంచీలో వెతుక్కుంటున్నారు.

అప్పుడే ఒక అల మెట్లెక్కింది. పెద్ద అలేమీ కాదు. మోకాలెత్తున వరండా అంతా పాకి, మూడో తరగతి గదిలోకి వెళ్ళి, అక్కడున్న పలకల్ని, సంచుల్ని, ఒక టిఫిను గిన్నెను తీసుకుని వెనక్కి మళ్ళింది. అంచున కూర్చున్న ముత్యాలు అనే ఏడేళ్ళ పిల్ల కూడా దాంతోపాటు రెండు మెట్లు జారింది. జగ్గారావు చెప్పులతోనే నీళ్ళలోకి దూకి, ఆ పిల్ల జబ్బ పట్టుకుని పైకి లాగాడు. పిల్ల ఏడవలేదు. అతని చొక్కా గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అతనే ఏడ్చేలా ఉన్నాడు.

సోమశేఖరం గారు బెంచీ ఎక్కి నిలబడి ఉన్నారు. అయినా చేతులు అలవాటు కొద్దీ రాసేస్తున్నాయి, నోరు పైకి చదివేస్తోంది: “ఒక అల వచ్చినది. అదే అల వెళ్ళినది. రాక ఒకటి, పోక ఒకటి. నికరం సున్న.”

“సార్,” అన్నాడు జగ్గారావు. “నా మాట కూడా రాసుకోండి. సంద్రం వచ్చినాది. నేదని నాను సెప్పను.”

“జగ్గారావు గారూ, తమరు ప్రతివాది.”

“ముప్పైయొక్క ఏళ్ళు నేని బస్సులు ఉన్నాయనీ, ఉన్న బస్సులు నేవనీ సెప్పీసినాను. ఇది మాత్రం నా వల్ల కాదు సార్. ఈ పిల్ల సెయ్యి సూడండి, ఎంత సల్లగా ఉందో.”

కనకరత్నం పరుగెత్తుకుంటూ వచ్చి, ముత్యాల్ని తన కొంగుతో తుడిచింది. సోమశేఖరం గారు బెంచీ దిగి, నియమావళి పుస్తకం తెరిచి, పదకొండో నియమం దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు.

“ప్రతివాద స్థానం అరగంటకు మించి ఖాళీగా ఉండరాదు,” అన్నారు నీరసంగా. “ప్రతివాది వాదంలో చేరిన యెడల, వాది ప్రతివాద స్థానమును స్వీకరించవలెను. మేడమ్, నాకు వేరే దారి లేదు. సముద్రం రాలేదని ఇప్పుడు తమరే చెప్పాలి.”

నీలవేణికి మొదట కోపం వచ్చింది. వచ్చినదాన్ని రాలేదని ఆమె ఎన్నడూ చెప్పలేదు. తన సిద్ధాంతాలకు అడ్డొచ్చిన కొలతల్ని సైతం దాచలేదు. వెళ్ళిపోదామనుకుని చెప్పులు వెతుక్కుంది. అవి కూడా అలతో పోయాయి. ఉత్త కాళ్ళతో వరండాలో నిలబడి ఆలోచించింది. పైన ఉన్నప్పుడు ఆమె రోజుకు పదహారుసార్లు సూర్యోదయం చూసేది. ఎవరు తిరుగుతున్నారు, ఎవరు నిలబడి ఉన్నారు అన్న ప్రశ్నకు అక్కడ ఒకే జవాబు ఉండదు. దేన్ని కదలనిదిగా ఒప్పుకుని లెక్క మొదలుపెడతామో, దాన్నిబట్టి మిగతావన్నీ కదులుతాయి. ఇది మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా చెప్పే పాఠమే.

“సార్, సముద్రం ఒక్క అంగుళం కూడా కదలలేదని మండలి ఒప్పుకుంటుందా?” అని అడిగింది.

“ప్రతివాద పక్షాన, నిస్సందేహంగా.”

“సరే. అలా అయితే నా ప్రతివాదం రాసుకోండి. సముద్రం కదలలేదనుకుందాం. పదమూడేళ్ళ కిందట బడికీ సముద్రానికీ మధ్య మూడువందల పది అడుగులు. ఇప్పుడు ఇరవై రెండు. ఈ రెండు కొలతలూ మీ రికార్డులోనే ఉన్నాయి. సముద్రం కదలకపోతే కదిలింది బడే. రెండువందల ఎనభై ఎనిమిది అడుగులు సముద్రం వైపు నడిచింది.”

జగ్గారావు నోరు తెరిచాడు. కనకరత్నం ముత్యాల తల తుడవడం ఆపింది.

సోమశేఖరం గారు మాత్రం పెన్ను పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయారు. ఆయన ఈ మండలికి రాకముందు ఇరవై ఆరేళ్ళు సిబ్బంది విభాగంలో పనిచేశారు. చెప్పాపెట్టకుండా స్థానం వదిలిపోయిన వాళ్ళను వెనక్కి రప్పించడంలో ఆయనకు జిల్లాలో పేరుండేది.

“అనుమతి లేకుండానా?” అన్నారు మెల్లగా.

“నాకు తెలిసి అనుమతి తీసుకోలేదండి,” అంది కనకరత్నం. ఆమెకు అర్థమైపోయింది.

“అయితే ఇది వాతావరణం కాదు!” ఆయన గొంతు పెరిగింది. “ఇది క్రమశిక్షణ! వాతావరణానికి చర్చ కావాలి, మార్కులు కావాలి. క్రమశిక్షణకు ఒక తాఖీదు చాలు. నా సంతకం చాలు!” అంతలోనే ఆయన గొంతు తగ్గించి, నీలవేణి దగ్గరగా వచ్చారు. “మేడమ్, ఇలా రాస్తే ఈ పిల్లలందరూ ఇవాళే వెళ్ళిపోవచ్చు గదా?”

“వెళ్ళిపోవచ్చు సార్.”

“నాకూ ఇదే వయసు మనవరాలు ఉందండీ,” అని, ఆయన తడి బెంచీ మీదే కూర్చుని రాశారు.

“గుల్లలపేట ప్రాథమిక పాఠశాలకు ఇందుమూలముగా తెలియజేయునది. సదరు పాఠశాల తనకు కేటాయించిన స్థానమును వీడి, పై అధికారుల అనుమతి లేకుండా, గత పదమూడు సంవత్సరములుగా సముద్రము వైపునకు ప్రయాణించుచున్నట్లు రుజువైనది. ఇది తీవ్రమైన ప్రవర్తనా దోషము. కావున పాఠశాల తక్షణమే బయలుదేరి, రోడ్డునకు ఆవల గల తుపాను షెల్టరు నందు హాజరు కావలెను. సరి, బేసి విద్యార్థులను వెంట తీసుకుపోవలెను. పాఠశాలపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.”

మధ్యాహ్నం లోపల బడి బయలుదేరింది. ఊళ్ళో ఆడవాళ్ళు బెంచీలు మోశారు, మగవాళ్ళు బీరువా మోశారు. నల్లబల్ల ఒక కొస జగ్గారావూ, రెండో కొస నీలవేణీ పట్టుకున్నారు. దారిలో అతను, “అమ్మా, మరి బడి నడిసినాదన్నది అబద్ధం గాదేటి?” అని అడిగాడు.

“సముద్రం కదలలేదనుకుంటే అన్నాను కదప్పా. ఆ మాట వాళ్ళది. మిగతా లెక్క నాది. లెక్కలో తప్పు లేదు.”

షెల్టరు దగ్గర పద్దెనిమిదో నంబరు పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది. పదిహేడో నంబరు వాడు కనబడగానే ఎదురెళ్ళి, అంతసేపూ తను దాచి ఉంచిన సగం బిస్కెట్టు వాడి నోట్లో పెట్టింది.

మూడో రోజున కనకరత్నం బడి తరఫున సంజాయిషీ రాసింది. “అయ్యా, బడి తన తప్పు ఒప్పుకుంటున్నది. సముద్రం చూడాలనే ఆశతో కొద్దికొద్దిగా వెళ్ళినదే గానీ వేరే దురుద్దేశం లేదు. ఇకమీదట కదలదని దాని తరఫున నేను హామీ. మొదటి తప్పుగా భావించి క్షమించగలరు.” దానిపై సోమశేఖరం గారు “సంతృప్తికరం” అని రాసి ఫైలు మూసేశారు. మండలి చరిత్రలో మూతపడ్డ మొదటి ఫైలు అదే.

ఇది జరిగిన నాలుగో నెలలో తుపాను వచ్చింది. నీలవేణి అప్పుడు తర్వాతి అంతరిక్షయాత్రకు శిక్షణలో ఉంది. మధ్యాహ్నం భోజనం దగ్గర ఫోను మోగింది. సోమశేఖరం గారు. ఆయన గొంతు వెనక గాలి, గాలి వెనక ఇంకేదో గోల.

“మేడమ్, పాత భవనం పోయిందండీ. మొదట మూడో తరగతి గోడ, తర్వాత వరండా. అరగంటలో అంతా అయిపోయింది.”

“పిల్లలు?”

“అందరూ ఇక్కడే, షెల్టరులో. ఊరంతా ఇక్కడే ఉంది. నేనూ వచ్చాను. గాలికి భయపడకుండా పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తున్నారు. వినబడుతోందా?”

నీలవేణికి వినబడింది. ఆమె స్పూను కింద పెట్టి కాసేపు వింది.

“ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను మేడమ్,” అన్నారాయన. “ఏమి రాయమంటారు?”

“మీరు చూసింది రాయండి సార్.”

అవతల కాగితం రెపరెపలాడిన చప్పుడు వినిపించింది.

“సముద్రం వచ్చింది,” అన్నారు సోమశేఖరం గారు. “అలాగే రాస్తున్నానండీ. ఎడమ గడిలో.”

“మరి కుడి గడిలో?”

“అడిగానండీ. జగ్గారావు గారు పిల్లలతో పదమూడో ఎక్కం దగ్గర ఉన్నారు. ఇప్పుడు తీరిక లేదన్నారు.”